ఆమెన్ అనేదాకా

మొయినాబాదు పక్కన మా పల్లెలో ఆరాధనలో రొట్టె, రసం పంచే ప్రభువు బల్లకు ద్రాక్షరసం పిండే హక్కు పెంటమ్మది. హక్కని ఎవరూ రాసివ్వలేదు, కానీ ఆ మాట ఆమె ముందు అని చూడండి! పట్నం నుంచి తెప్పించిన కిస్మిస్‌ను శనివారం నానబెట్టి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, పిసికి, తెల్లబట్టలో వడగట్టి, ఇత్తడి చెంబులో పోసి, ఆదివారం పొద్దున నెత్తిన పెట్టుకుని గుడికి తెచ్చేది. దారిలో ఎవరు పలకరించినా పలికేది కాదు. మగడు పోయాక ఆమెకు మిగిలిన గొప్పల్లా ఆ చెంబే. అది నెత్తిన ఉన్నంతసేపూ పెంటమ్మ మనందరికంటే జానెడు ఎత్తు.

ఆ చెంబు మీద ప్రేమమ్మకు కన్ను. "రసంల రవ్వంత బెల్లమేస్తే పోరగాండ్లు మూతి ముడవరు గద" అని ఏళ్ళ తరబడి అంటూ, పెంటమ్మ ఎప్పుడు కాలు జారుతుందా అని కాచుకుని ఉండేది.

ఇక సంఘ పెద్ద అబ్రహాము. ఈయన పెంటమ్మకు సొంత అన్న. నిలువెత్తు మనిషి, తలకు తెల్లటి రుమాలు, పిడుగులాంటి గొంతు. మా సంఘంలో ప్రార్థన అంటే మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, బిగ్గరగా చేసేదే. అందులో అబ్రహామును మించినవాడు ఇటు చేవెళ్ళ దాకా లేడు. ఒకసారి ఆయన బయట ప్రార్థనలో ఉండగా మేక వచ్చి రుమాలు కొస నమిలేసిందట. ఆమెన్ అనేదాకా కళ్ళు తెరవలేదు. పిల్లలు తెరిస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. ఆమెన్ అయ్యాక ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి చెవి మెలేసేవాడు. దేవుడే ఆయన చెవిలో చెప్తాడని పిల్లల నమ్మకం.

పెంటమ్మ కష్టం దవాఖానలో మొదలైంది. ఒక ఏడు మనవరాలు చిన్న సారమ్మకు విషజ్వరం వచ్చి పట్నం దవాఖానలో చేర్చారు. డాక్టరు పెదవి విరిచాడు. అబ్రహాము వరండాలో మోకరించి తెల్లవార్లూ ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. లోపల పక్క మంచం దగ్గర విమలమ్మ అని కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన మనిషి ఉంది. రైల్వేలో పనిచేసే మొగుడు, జబ్బుపడ్డ కొడుకు, మెడలో జపమాల.

"మాతకొండ మరియమ్మకి మొక్కుకో అక్కా. పోయేదేముంది?" అంది విమలమ్మ.

పెంటమ్మ వరండా వైపు ఒకసారి చూసింది. అన్న గొంతు ఖంగుమంటోంది. పిల్ల ఒళ్ళు పెనంలా కాలుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తల్లీ, నా పిల్ల బతికితె నీ కొండ మీద ఎన్ని గుళ్ళుంటె అన్ని గుళ్ళల్ల దీపం పెడత" అనేసింది.

తెల్లారేసరికి జ్వరం దిగింది. అబ్రహాము లోపలికొచ్చి పిల్ల నుదురు తాకి, "చూసినవానే, ప్రార్థనంటె గిట్లుంటది" అన్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "చూసిన అన్నా" అంది పెంటమ్మ. ఆ తరవాత విమలమ్మను చాటుగా పిలిచి, కొండ మీద గుడి ఒకటే కదా అని అడిగింది.

"ఐదక్కా. పై గుడి కాక దారిలో నాలుగు."

మొక్కే ముందు లెక్క అడగాలన్న తెలివి ఆ భయంలో ఎవరికి ఉంటుంది? బొమ్మ ముందు మోకాలు వంచినవాళ్ళకు ప్రభువు బల్ల లేదని మా సంఘంలో కట్టుబాటు. మారయ్య ఎవరి జాతరకో పోయి దండం పెట్టాడని ఏడాది పొడుగునా గుడిలో వెనక గోడకు ఆనుకుని కూర్చోబెట్టారు. బల్లకే రానివ్వని మనిషిని రసం పిండనిస్తారా? చెంబు నేరుగా ప్రేమమ్మ ఇంటికి పోతుంది, అందులో బెల్లం పడుతుంది. పోనీ మొక్కు మరిచిపోదామంటే, పిల్ల ఇంట్లో గంతులేసి కుండలు పగలగొట్టినప్పుడల్లా గుర్తొచ్చేది. మరియమ్మ ఏదో కీడు చేస్తుందని కాదు. ఒక తల్లి ఇంకో తల్లికి ఇచ్చిన మాట అది. పని అయ్యాక మొహం చాటేసే రకం కాదు పెంటమ్మ.

మరుసటి చలికాలం చివర్లో విమలమ్మ కూతురి పెళ్ళి అని కబురు వచ్చింది. పెద్ద యుద్ధం మొదలైందని పట్నం పోయొచ్చినవాళ్ళు చెప్పుకుంటున్న రోజులవి. పెళ్ళి మాతకొండలోనే, కొండ పండుగ మర్నాడు. పెంటమ్మ సంతోషపడేలోపే అబ్రహాము కనుబొమ్మలు ముడిపడ్డాయి.

ఆ ఆదివారం చేవెళ్ళ నుంచి పాదిరి స్వామిదాసు అయ్యగారు బల్ల ఇవ్వడానికి వచ్చారు. ఆరాధన అయిపోగానే ప్రేమమ్మ లేచింది. "అయ్యగారూ, మా పెంటమ్మక్క బొమ్మల కొండకు పోతదంట. అక్కడ పోయినోళ్ళందరు మోకాళ్ళు వంచవట్టిరి. మరి అక్క వంచకుంట వస్తదా?" అంది, పాపం ఎంతో బెంగగా.

అబ్రహాము నిలబడ్డాడు. "ఆమె వెంబడి నేను పోత. నా చెల్లె మోకాలు యాడ వంగుతదో నేను చూస్త."

"మంచిది పెద్దయ్యా," అన్నారు అయ్యగారు. "వచ్చే నెల వచ్చినంక సంఘం ముందట సాక్ష్యం చెప్పు. నీ మాటనే మాకు మాట."

పెంటమ్మ ఖాళీ చెంబును ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. దొంగతనానికి పోతూ పోలీసును వెంట తీసుకుపోయినట్టయింది ఆమె పని.

కోడలు నెలలు నిండి ఉండటంతో చిన్న సారమ్మను కూడా వెంటబెట్టుకుని బయలుదేరారు. బండి మీద పట్నం, పట్నంలో రైలు. పెంటమ్మ నాలుగు చిన్న కొవ్వొత్తులు, ఒక పెద్ద కొవ్వొత్తి కొని జొన్నరొట్టెల మూటలో దాచింది. బెజవాడ పోయే రైలు అది. మధ్యాహ్నం అబ్రహాము రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు.

"ఏందే, రొట్టె మైనం వాసనొస్తున్నది?"

"రైలు పొగ అన్నా. బొగ్గు రైలు గద."

అబ్రహాము ఆమెను ఒకసారి, మూటను ఒకసారి చూసి, మళ్ళీ నమలసాగాడు. "ఔ. బొగ్గే" అన్నాడు.

రాత్రికి విమలమ్మ ఇల్లు చేరి, పొద్దున్నే కొండ దగ్గరికి నడిచారు. పండుగ రోజు. కొండ పొడుగునా జనం, బూరలమ్మేవాళ్ళు, కొబ్బరికాయలు, గుండ్లు కొట్టించుకున్న పిల్లలు. పెళ్ళి పనుల్లో పడ్డ విమలమ్మ దారి చూపించి వెనక్కి పోయింది. అబ్రహాము రుమాలు బిగించి, చేతికర్ర పట్టి, చెల్లెలికి అడుగు వెనకే నడిచాడు. ఆ నీడను తప్పించుకుని దీపం పెట్టడం ఎలాగో పెంటమ్మకు తోచలేదు.

మొదటిది మిఖాయేలు సమ్మనసు గుడి. లోపల కత్తి ఎత్తి, సైతాను మెడ మీద కాలు పెట్టిన దేవదూత. అబ్రహాము గడప దగ్గర ఆగి పరీక్షగా చూశాడు. "మిఖాయేలు మన బైబిల్ల గూడ ఉన్నడు. గని గీ రంగులేంది, గీ దండలేంది?" జనం కొవ్వొత్తులు వెలిగించి దండాలు పెడుతుంటే ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

ఆ బాధ చూసి పెంటమ్మకు దారి దొరికింది.

"అన్నా, పాపం గీళ్ళ కోసం జర ప్రార్థన చెయ్యరాదూ. చెప్పెటోడు లేకనే గద గిట్ల చేస్తున్నరు."

మా అబ్రహామును ప్రార్థన చెయ్యమంటే ఆకలిగొన్నవాడికి విస్తరి వేసినట్టే. అక్కడికక్కడే మోకరించాడు, చేతులెత్తాడు, కళ్ళు మూశాడు. "పరలోకమందున్న మా తండ్రీ! గీ ప్రజలను కనికరించు!" అన్న కేకకు గుడి కప్పు మీది పావురాలు లేచిపోయాయి. పెంటమ్మ రెండో వాక్యం దాకా ఆగి, సారమ్మను చంకన వేసుకుని, పక్కావిడ దీపం నుంచి కొవ్వొత్తి వెలిగించి, నిలబడే దూత కాళ్ళ దగ్గర పెట్టి, పరుగున వచ్చి కూర్చుంది. ఊపిరి తీసుకునేలోపు ఆమెన్ వచ్చింది.

రెండోది అంతోనివారి గుడి. పోయిన వస్తువులు దొరికేలా చేస్తాడట ఆయన. గుమ్మంలో కూర్చున్న ఒక ముసలావిడ అబ్రహామును చూసి, "ఏం పోగొట్టుకున్నారు బాబూ?" అని జాలిగా అడిగింది.

"నేనేం పోగొట్టుకోలే అమ్మా. మీరే పోగొట్టుకున్నరు, తెలివి."

"అయ్యో, నిజమే బాబూ, వయసొచ్చింది కదా. నాక్కూడా కాస్త అడిగిపెట్టండి" అందావిడ చేతులు జోడించి.

తిట్టిన తిట్టు తిరిగి దండమై వస్తే ఎవరేం చేస్తారు? అబ్రహాము గబగబా మోకరించాడు. ఈసారి పెంటమ్మ అడగనవసరం కూడా లేకపోయింది. ముసలావిడ ఆయన పక్కనే కూర్చుని ప్రతి మాటకూ తల ఊపుతూ ఏడ్చింది. పెంటమ్మ నింపాదిగా పోయి రెండో కొవ్వొత్తి పెట్టి వచ్చింది.

అక్కడి నుంచి కథ అబ్రహాము చెయ్యి దాటిపోయింది. హైదరాబాదు నుంచి ఎవరో పెద్దాయన వచ్చాడని, గుడి గుడికీ మోకాళ్ళ మీద పడి ఏడ్చి మరీ ప్రార్థన చేస్తున్నాడని, అంత భక్తిపరుణ్ణి ఈ కొండ ఎరగదని మాట వాళ్ళకంటే ముందే మెట్లెక్కింది. మూడోదైన జోజప్ప, అదే యోసేపుగారి గుడికి చేరేసరికి వెనక పాతికమంది. ఆయన విగ్రహాల నుంచి వీళ్ళను విడిపించమని దేవుణ్ణి బతిమాలుతుంటే, వీళ్ళు ఆ గొంతుకే మురిసిపోయి ఆమెన్ ఆమెన్ అంటున్నారు. ఒక తల్లి తన గుండు పిల్లాణ్ణి తెచ్చి ఆయన ఎత్తిన చేతి కింద నిలబెట్టింది. మూసిన కళ్ళతో ఆ తలను తడిమిన అబ్రహాము, మనవరాలే అనుకున్నాడో ఏమో, గొంతు తగ్గించి ఆ బిడ్డ ఆయుష్షు కోసం మెత్తగా వేడుకున్నాడు. పక్కనే పెంటమ్మ మూడో కొవ్వొత్తి వెలుగుతోంది.

కళ్ళు తెరిచి పరాయి పిల్లాణ్ణి చూసి ఆయన కంగారుపడ్డాడు. "మీ ప్రార్థన చల్లగా ఉందండీ" అని ఆ తల్లి కళ్ళు తుడుచుకుంది. అబ్రహాము నాలుగు మెట్లెక్కి, "గీళ్ళు మంచోళ్ళేనే చెల్లె" అన్నాడు, ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసి.

నాలుగోది అన్నమ్మగారి గుడి. మరియమ్మకు తల్లి. నెరిసిన జుట్టు, భుజం మీద కొంగు, పక్కన చెయ్యి పట్టుకుని నిలబడ్డ చిన్న పిల్ల. వెనకనుంచి అన్న గొంతు వినిపిస్తూనే ఉంది. పెంటమ్మ కొవ్వొత్తి పెట్టి వెంటనే తిరిగి వచ్చేద్దామనే అనుకుంది. కానీ ఆ బొమ్మ పిల్ల చెయ్యి పట్టుకున్న తీరు చూస్తే దవాఖానలో ఆ రాత్రి మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. ఆమె కూడా ఒక ముసలి తల్లే, బిడ్డను విడిచిపెట్టని చెయ్యే. పెంటమ్మ మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. చెంబు, ప్రేమమ్మ, బెల్లం, ఏవీ గుర్తు రాలేదు. "నా పిల్ల బతికిందమ్మా" అంది. అంతే, ఇంకేం అడగలేదు.

బయటికి రాగానే సారమ్మ తాత వేలు పట్టుకుని, "తాతా, అవ్వ దండం పెట్టింది. మోకాలు మీద కూసున్నది" అంది, స్పష్టంగా, ఊరంతా వినేంత గట్టిగా.

పెంటమ్మ ప్రాణం పోయింది. అబ్రహాము ఆకాశం వైపు చూశాడు. "ఎండ గట్టిగున్నది. పిల్ల నెత్తికి గుడ్డ కట్టు" అన్నాడు.

ఇక మిగిలింది కొండ కొసన పెద్ద గుడి. దాని పక్కన రాతి గుహలో మరియమాత, ముందర కొవ్వొత్తుల మంట, ఆ మంట చేరడానికి మెట్ల మీదుగా వంకర తిరిగిన పొడుగాటి వరస. అబ్రహాము గొంతు పూర్తిగా బొంగురుపోయింది. నాలుగు ప్రార్థనలు, పాతికమంది జనం, పైగా ఎండ. చేతికర్ర మీద ఆని నిలబడ్డాడు.

"ఇగ నాతోని కాదే. గొంతు పోయింది. బయటికెల్లి చూసి దిగుదాం పా" అన్నాడు.

మూటలో పెద్ద కొవ్వొత్తి మిగిలి ఉంది. అన్ని గుళ్ళలో పెడతానని కదా మాట? ఇంకో ప్రార్థన చెయ్యమని అడుగుదామంటే గొంతు పోయిన మనిషిని ఏ మొహంతో అడుగుతుంది? అడిగితే ఎందుకని అడగడా? పెంటమ్మ గుహ వైపు చూసి, మూటను గుండెకు అదుముకుంది. ఏడుపు ఆగలేదు. "కండ్లల్ల దుమ్ము పడ్డది" అంది.

అబ్రహాము చెల్లెలిని చూశాడు. నోరు తెరిచి దీపాల వైపే చూస్తున్న సారమ్మను చూశాడు. ఆ పిల్ల బుగ్గల మీద మంట వెలుగు ఆడుతోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇంత దూరం వచ్చినం. చిన్న ప్రార్థన ఒకటి చేస్త. మీరు ఈడనే ఉండుండ్రి" అని, మెట్టు మీద రుమాలు పరిచి మోకరించి, కళ్ళు మూశాడు.

పెంటమ్మ పిల్లను ఎత్తుకుని వరసలో నిలబడింది. చిన్న ప్రార్థన అన్నాడు! వరస నత్తలా కదులుతోంది. ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఆమెన్ వచ్చేస్తుందని చెవులు వెనక్కి పెట్టి వింది. బొంగురు గొంతు ఆదాముతో మొదలుపెట్టింది, నోవహు ఓడలోకి ఒక్కో జంతువునూ ఎక్కించింది, ఎర్ర సముద్రం దాటింది. వరస సగం కూడా కాలేదు. గొంతు కనానుకు చేరింది, అక్కడి నుంచి మొయినాబాదుకు వచ్చింది. వానల కోసం వేడుకుంది, ఉస్మాన్ సాగర్ నిండాలని, జొన్నకు పురుగు పట్టొద్దని, జన్వాడలో మేనత్త కీళ్ళ నొప్పులు తగ్గాలని, అప్పయ్య ఎద్దు కుంటి కాలు బాగుపడాలని వేడుకుంది. గుహ ముందర ఎవరో ఆగిపోయి వరస నిలిచిపోతే, ఆ గొంతు కూడా సొలొమోను దేవాలయానికి ఒక్కో రాయీ పేర్చడం మొదలుపెట్టింది. వరస కదిలితే అదీ కదిలింది. పెంటమ్మకు అప్పుడేమీ తోచలేదు, దేవుని దయ అనుకుంది.

పెద్ద కొవ్వొత్తి వెలిగించి, మోకరించి, పిల్ల నుదురు రాతికి ఆనించి, "ఇచ్చిన మాట చెల్లిందమ్మా" అంది. జనాన్ని తోసుకుంటూ వెనక్కి వచ్చి మెట్టు మీద అన్న పక్కన కూర్చుని కొంగు సర్దుకుంది. కొంగు సర్దడం అయ్యాక, "ఆమెన్" అన్నాడు అబ్రహాము. లేవడానికి ఇద్దరు మనుషులు సాయం పట్టాల్సి వచ్చింది.

మరుసటి నెల గుడి కిటకిటలాడింది. చేవెళ్ళ నుంచి అయ్యగారు వచ్చారు. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద పెంటమ్మ చెంబు. ఆ ఆదివారం అది ఆఖరిసారేమోనని రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. ముందు వరసలో ప్రేమమ్మ కొత్త చీరలో కూర్చుంది.

"చెప్పు పెద్దయ్యా," అన్నారు స్వామిదాసు అయ్యగారు. "ఆ కొండ మీద ఎవరన్న మోకాలు వంచిండ్రా?"

అబ్రహాము లేచి నిలబడ్డాడు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. "వంచిండ్రు అయ్యగారూ. నేనే వంచిన."

గుడంతా మెడలు తిప్పి ఆయన వైపు చూసింది.

"ఐదు గుళ్ళల్ల ఐదు సార్లు మోకరించిన. ఆ ప్రజల కోసం తండ్రికి మొర పెట్టిన. నా వెనక మందలు మందలు వచ్చిండ్రు. తప్పంటె చెప్పుండ్రి, ఎనక గోడ కాడ కూసుంట."

"ఎంత మాట! అది సువార్త పనయ్యా" అన్నారు అయ్యగారు.

ప్రేమమ్మ ఊరుకోలేదు. "మరి పెంటమ్మక్క? ఆమె ఏం చేసింది?"

అబ్రహాము ఆమె వైపు నెమ్మదిగా తిరిగాడు. "ఏం ప్రేమమ్మా, ప్రార్థన చేసెటోడు కండ్లు మూస్కోవాల్నా, తెరుస్కోవాల్నా?"

"మూస్కోవాలె" అంది ప్రేమమ్మ. చిన్నప్పుడు ఆమె చెవి కూడా మెలిపడ్డదే.

"ఆమెన్ అనేదాక తెరువొద్దని మీకు నేర్పిందెవరు?"

"నువ్వే."

"మరి నన్నడుగుతవేందమ్మా?" అని అబ్రహాము కూర్చున్నాడు.

వెనక నుంచి మారయ్య పకపక నవ్వాడు. అయ్యగారు దగ్గి, "పెద్దయ్య కండ్లు తెరిచెటోడు కాదని మేక గూడ ఎరుగును. ఇగ ప్రార్థన చేద్దాం" అన్నారు. సంఘమంతా మోకరించి కళ్ళు మూసుకుంది. ప్రేమమ్మ అందరికంటే గట్టిగా మూసుకుంది.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. పెంటమ్మకు మనసు ఆగలేదు. బతికించిన అన్న మొహం ఒక్కసారి చూసుకుందామని కొంగు చాటు నుంచి కొంచెం కన్ను తెరిచింది. వంగిన తలలన్నిటి మధ్యా అబ్రహాము తల కూడా వంగే ఉంది. కుడి కన్ను మూసి ఉంది. ఎడమ కన్ను మాత్రం బాగా తెరుచుకుని, ఎన్నో ఏళ్ళుగా తెరుచుకుంటున్నంత అలవాటుగా, చెల్లెలి వైపే చూస్తోంది.

పిల్లల పేర్లు ఆయన చెవిలో ఎవరు చెప్పేవారో పెంటమ్మకు తెలిసింది. ఎద్దు కుంటి కాలు, సొలొమోను రాళ్ళు, కొంగు సర్దుకునేదాకా ఆగిన ఆమెన్, అన్నీ తెలిసిపోయాయి. ఎడమ కన్ను ఒకసారి చెంబు వైపు తిరిగి, మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చి, తాపీగా మూసుకుంది.

నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. దాన్ని కప్పిపుచ్చడానికి పెంటమ్మ గట్టిగా "ఆమెన్!" అని అరిచింది. అయ్యగారి ప్రార్థన అప్పటికి ఇంకా రెండో వాక్యంలోనే ఉంది.